అవతలివాడి మాట ముందు నువ్వు చెప్పు

చిరంజీవి మేనల్లుడికి,

మామయ్య ఆశీస్సులు. దేవుణ్ణి నమ్మనివాడు ఎవరి తరఫున ఆశీర్వదిస్తాడని అడగబోకు. చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన అలవాటు, నా సొంత ఖాతాలో వేసుకో.

ఒక నాస్తికుడితో నువ్వు చేసి, నాకు పంపిన వాదనంతా నిన్న రాత్రి కూర్చుని చదివాను. నలభై రెండు మెసేజీలు. దేవుడున్నాడా లేడా అన్న దగ్గర మొదలై, ఎవరు ఎంత చదువుకున్నారన్న దగ్గర ఆగింది. "అతను నీ పక్షంవాడే కదా మామయ్యా, ఎలా మాట్లాడాలో నువ్వే చెప్పు" అన్నావు. నలభై ఏళ్లుగా నాస్తికుణ్ణి, మావాణ్ణి ఎలా ఎదుర్కోవాలో ఆస్తికుడివైన నువ్వు నన్నే అడగడం ముచ్చటగా ఉంది. చెబుతాను.

ముందు ఒక సంగతి చూశావో లేదో. మొదటి పది మెసేజీల్లో ఇద్దరూ "మీరు" అనుకున్నారు. పదకొండో దాంట్లో అతను "మీ భక్తులంతా ఇంతే" అన్నాడు. నువ్వు ఊరుకుంటావా, "మీ నాస్తికులకు నీతి ఎక్కడేడ్చింది" అన్నావు. పద్దెనిమిదో దానికి "నువ్వు" దిగింది. జ్వరం ఎంత ఉందో మన భాషలో ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది. ఎదుటి మనిషి "మీవాళ్లు" అనే గుంపుగా మారిన చోటే మీ వాదన ప్రాణం పోయింది. ఆ తర్వాతవన్నీ దానికి చేసిన కర్మకాండ.

నిజానికి ఆ నీతి ప్రశ్న చాలా మంచిది. "దేవుడి భయం లేకుండా మనిషి మంచిగా ఎందుకు ఉండాలంటారు?" అని అడిగి ఉంటే అతను ఒక పూటైనా ఆలోచించాల్సి వచ్చేది. నేనైనా అంతే. దాన్ని రాయి చేసి విసిరావు, అతను తల పక్కకు తిప్పుకున్నాడు.

మనం ఊరికే "వితండవాదం చేయకు" అంటుంటాం కదా, ఆ మాట న్యాయశాస్త్రంలోది, కోర్టు న్యాయం కాదు, మన పాత తర్కశాస్త్రం. గౌతముడి న్యాయసూత్రాల్లో చర్చ మూడు రకాలు. నిజం తేల్చుకోవడానికి చేసేది వాదం. గెలవడానికి చేసేది జల్పం. తనదంటూ ఏ పక్షమూ నిలబెట్టకుండా అవతలివాడిది పడగొట్టడానికే చేసేది వితండం. మనిషి ఓడిపోయినట్టు లెక్కగట్టే సందర్భాలు కూడా 22 రాసిపెట్టారు. నిగ్రహస్థానాలంటారు. విషయం వదిలి పక్కదారి పడితే అర్థాంతరం, ఓటమే. చదువుల గొడవలోకి దిగి మీరిద్దరూ అక్కడే పోయారు. నాకు అన్నిటికంటే నచ్చింది అననుభాషణం. అవతలివాడు మూడుసార్లు చెప్పి, సభకు కూడా అర్థమైన మాటను నువ్వు తిరిగి చెప్పలేకపోతే ఓడిపోయినట్టే. జవాబు సంగతి తర్వాత, ముందు అతనేమన్నాడో నీ నోటితో చెప్పగలగాలి.

పూర్వపక్షం అని పెద్దలు చేసింది ఇదే. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శనసంగ్రహం రాస్తూ మొదటి అధ్యాయం దేవుణ్ణీ పరలోకాన్నీ ఒప్పుకోని చార్వాకులకు ఇచ్చాడు. ఆయన వేదాంతి. చార్వాకుల సొంత గ్రంథాలు దాదాపు ఏవీ మిగల్లేదు. వాళ్లేమనేవారో ఇవాళ తెలుస్తోందంటే చాలావరకు ఖండించడానికి కూర్చున్నవాళ్లు రాసిపెట్టిన పూర్వపక్షాల పుణ్యమే. కొంత వెటకారం కలిపే ఉంటారనుకో. అయినా మా తాతల మాటలు మీ తాతలే దాచిపెట్టారు.

మరీ అంత వెనక్కి వెళ్లక్కర్లేదు. గోరా ఉన్నారు కదా, 1940లో ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన గోపరాజు రామచంద్రరావు గారు. 1944 నుంచి గాంధీగారితో దేవుడి మీద ముఖాముఖి వాదించారు. ఇద్దరిలో ఎవరూ మారలేదు. కానీ గోరా గారి పెద్దకూతురి పెళ్లి గాంధీగారి ఆశ్రమం సేవాగ్రామ్‌లో జరిపించే మాట వచ్చినప్పుడు, ప్రమాణంలో దేవుడి పేరు బదులు సత్యం పేరు చెప్పించడానికి గాంధీ ఒప్పుకున్నారు. ఆయన హత్య తర్వాత, 1948లో ఆ పెళ్లి అక్కడే జరిగింది. రోజూ ప్రార్థన చేసే మనిషి ఎదుటివాడు పలకలేని మాటను పక్కనపెట్టి, ఇద్దరూ పలకగలిగిన మాట వెతికారు. నీ నలభై రెండు మెసేజీల్లో అలాంటి మాట ఒక్కటైనా దొరుకుతుందేమోనని చూశాను. ఐదో దాంట్లో ఉంది, "ఎవరినీ మోసం చేయకూడదన్నది మనిద్దరం ఒప్పుకుంటాం" అని. రాసింది అతను. నువ్వు దాటేశావు.

నీ తప్పులే ఏకరువు పెడుతున్నానని అనుకోకు, నా సంగతి విను. చాలా ఏళ్ల క్రితం నా స్నేహితుడొకడు భార్య ఆపరేషన్ అయ్యాక "దేవుడి దయవల్ల గండం గడిచింది" అని మెసేజ్ పెట్టాడు. "డాక్టరు దయ అని దిద్దుకో" అని జవాబిచ్చాను. అప్పుడు నాకు మహా తెలివిగా అనిపించింది. వాడు ఏమీ అనలేదు. ఆవిడ ఎలా కోలుకుందో ఏడాది దాకా వేరేవాళ్ల నోట వినాల్సి వచ్చింది. వాడు ఆ రోజు వైద్యం మీద సిద్ధాంతం చెప్పలేదురా, ఊపిరి పీల్చుకున్నాడు.

నాకూ తగిలింది. మీ అత్తయ్య పోయిన నెలలోనే ఒకాయన "ఇప్పటికైనా దేవుణ్ణి నమ్ముతారా?" అని రాశాడు. మంచి ఉద్దేశంతోనే రాశాడు, అది నాకు తెలుసు. ఫోను బోర్లా పెట్టేసి రెండు రోజులు ముట్టుకోలేదు. సంతోషంలోనో దుఃఖంలోనో ఉన్నవాళ్లు రాసుకున్న మాటను వాదానికి పిలుపు అనుకోకు, ఏ పక్షమైనా సరే.

నీ ముప్పై ఒకటో మెసేజ్ చూడు. "నీకూ కష్టం వస్తే దేవుడే గుర్తొస్తాడు" అన్నావు. నువ్వు తర్కం అనుకున్నావు, చదివేవాడికి అది శాపం. అలాగే నమ్మకం ముందు "మూఢ" తగిలించడం మావాళ్ల జబ్బు. అతను అది నాలుగుసార్లు చేశాడు, నువ్వు నొచ్చుకోవడంలో తప్పులేదు. రాతలో గొంతు వినిపించదు కూడా. ఎదురుగా కూర్చుని "అలాగే లెండి" అంటే రాజీ. అదే రాసి పంపితే వెక్కిరింత.

అయితే మర్యాద పేరుతో అన్నిటికీ తలూపమనను. మందులు మానేసి మొక్కుకోమని ఎవరైనా రోగికి చెబుతుంటే అక్కడ గట్టిగానే అడ్డుపడు, నీ పక్షంవాడైనా. నువ్వు తప్పనుకున్నది తప్పని చెప్పు. నాతో చెప్పడం లేదూ?

ఇక పని. ఆ ముప్పై ఒకటో మెసేజ్ ఇవాళే తీసెయ్యి, తీసేశానని అతనికి చెప్పు. తర్వాత అతని వాదన ఏమిటో పది వాక్యాల్లో రాసి ముందు నాకు పంపు, ఖండన వద్దు. చదివి, "అవును, నేనంటున్నది ఇదే" అని అతను అనేలా ఉందో లేదో నేను చూస్తాను. మార్కుల్లో పీనాసినని నీకు తెలుసుగా.

మామయ్య