టర్కీ కోడి వేటకు ముందు తుపాకిని కాగితం మీద చూసుకో

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఏప్రిల్లో టెక్సస్‌లో మీ ఆఫీసు స్నేహితుడి ర్యాంచ్‌కి టర్కీ కోడి వేటకు వెళ్తున్నావని, షాట్‌గన్ గురి ఎలా సరిచూసుకోవాలో రాయమని అడిగావు. రాస్తాను గానీ, ముందు లైసెన్స్ సంగతి తేల్చుకో. నువ్వింకా హెచ్-1బి మీదే ఉన్నావు. అలాంటి వీసాల మీద ఉన్నవాళ్ల దగ్గర తుపాకి గానీ తూటాలు గానీ ఉండకూడదన్నది అమెరికా ఫెడరల్ చట్టం. చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. ర్యాంచ్ సొంతదారు ఎంత దగ్గరివాడైనా, తుపాకి అతనిదే అయినా చట్టం మారదు. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2 నుంచి పుట్టినవాళ్లు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. అది పూర్తిచేసి లైసెన్స్ తీసుకో, దానిమీద అప్‌ల్యాండ్ గేమ్ బర్డ్ ఎండార్స్‌మెంట్ (టర్కీ లాంటి పక్షుల వేటకు అదనపు అనుమతి) కూడా వేయించుకో. మామూలు వేట లైసెన్స్ ఆగస్టు 31తో అయిపోతుంది, ఆ తేదీ గుర్తుపెట్టుకో. అనుమానం ఉంటే మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని అడుగు. గ్రీన్ కార్డ్ ఫైలు నడుస్తుండగా ఒక కోడి కోసం చిక్కులు తెచ్చుకోవద్దు.

ఇక తుపాకి సంగతి. మన దేశంలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం తర్వాత వేట దాదాపు నిలిచిపోయింది కాబట్టి నీకు తుపాకి అలవాటు లేదు. ఒకరకంగా అదే మేలు, దిద్దాల్సిన అలవాట్లేవీ ఉండవు. షాట్‌గన్‌లోంచి గుండ్లు గుంపుగా వెళ్తాయి కదా, అటువైపు తిప్పి కాలిస్తే ఏదో ఒకటి తగులుతుందిలే అనుకుంటారు చాలామంది. ఎగిరే పిట్టల వేటలో అందులో కొంత నిజం ఉంది. టర్కీ దగ్గర ఆ లెక్క పనికిరాదు. ఆ పక్షి ఒంటి నిండా దట్టమైన ఈకలు, ముందు మందమైన రొమ్ము కండ. అక్కడ తగిలితే గాయంతో ఎగిరిపోయి ఏ పొదలోనో చస్తుంది. మనం కొట్టాల్సింది తల, మెడ మాత్రమే. అందుకే రైఫిల్‌లాగే గురిచూసి, ట్రిగ్గర్‌ను నెమ్మదిగా నొక్కి కాల్చాలి.

కాల్పులు సాధన చేసే రేంజ్‌కి వెళ్లేటప్పుడు కళ్లజోడు, చెవులకు మఫ్‌లు మర్చిపోకు. నువ్వు వాడబోయేది 12 గేజ్ అన్నావు. గేజ్ అంటే గొట్టం లావు కొలత, అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నం. నీ బ్యాగులో 20 గేజ్ తూటా ఒక్కటి కూడా ఉండకూడదు. అది 12 గేజ్ గొట్టంలోకి జారి మధ్యలో ఇరుక్కుంటుంది. అది చూసుకోకుండా మీద ఇంకో తూటా పెట్టి కాలిస్తే గొట్టం పేలుతుంది. 20 గేజ్ తూటాలను పసుపుపచ్చ రంగులో చేసేది ఈ ప్రమాదం తప్పించడానికే. గొట్టం చివర చోక్ (గుండ్ల గుంపు చెదరకుండా గొట్టం మూతిని ఇరుకు చేసే బిగింపు) గట్టిగా బిగించి ఉందో లేదో కూడా చూడు. కాల్పుల అదురుకి అది వదులవుతుంటుంది.

ఎడమ కన్ను బలంగా ఉన్న కుడిచేతి వాళ్లు కొంతమంది ఉంటారు. నీ సంగతి ఇంట్లోనే తేల్చుకో. రెండు అరచేతుల మధ్య చిన్న సందు చేసి, రెండు కళ్లూ తెరిచి దూరంగా ఉన్న గడియారాన్ని ఆ సందులోంచి చూడు. ఒక్కో కన్నూ మూసి చూస్తే, ఏ కన్ను తెరిచినప్పుడు గడియారం కనబడుతూనే ఉంటుందో అదే నీ గురి కన్ను. అది ఎడమదైతే కాల్చేటప్పుడు దాన్ని మూసుకో.

వెడల్పాటి కాగితం, కనీసం మూడడుగులది, అట్టకు అంటించి మధ్యలో నల్ల చుక్క పెట్టు. 25 గజాల దూరంలో బల్ల మీద ఇసుక సంచులు పెట్టి, వాటిపై తుపాకి ఆనించి కాల్చు. మొదట తేలికపాటి టార్గెట్ తూటాలు చాలు. వేట తూటా భుజాన్ని గట్టిగా తంతుంది, ఆ దెబ్బకి భయపడి ట్రిగ్గర్ లాగేముందే కళ్లు మూసుకునే అలవాటు పట్టుకుంటుంది. మూడుసార్లు కాల్చి, గుండ్ల గుంపు నడిమధ్య ఎక్కడుందో చూడు. అంచున పడ్డ నాలుగు గుండ్లను చూసి కంగారుపడకు.

మీ స్నేహితుడి తుపాకికి రెడ్ డాట్ (గురి చోట ఎర్ర చుక్క చూపించే సైట్) ఉందన్నావు కాబట్టి సరిచెయ్యడం సులువే. సైట్‌ను తిప్పే కోణం కొలత ఎంఓఏ. ఒక ఎంఓఏ అంటే వంద గజాల దగ్గర సుమారు ఒక అంగుళం, 25 గజాల దగ్గర పావు అంగుళం. గుంపు మూడు అంగుళాలు కుడికి పడితే 12 ఎంఓఏ ఎడమకు తిప్పాలి. ఒక్కో క్లిక్ ఎంతో ఆ సైట్ మీదే రాసి ఉంటుంది. తర్వాత అసలు వేట తూటాతో మళ్లీ చూడు, ఎందుకంటే తూటా మారితే గుంపు పడే చోటు కూడా కాస్త మారుతుంది. రెడ్ డాట్ లేకుండా ముందు పూస ఒక్కటే ఉన్న తుపాకి ఇస్తే జాగ్రత్త. అక్కడ వెనక సైట్ నీ కన్నే. కోడిని బాగా చూద్దామని బుగ్గ స్టాక్ (తుపాకి వెనక పిడి) మీంచి లేపావో, తూటా దాని తల మీంచి పోతుంది. టర్కీ తప్పిపోయిన కథలు ఎన్ని విన్నా చివరికి ఈ లేచిన బుగ్గే తేలుతుంది.

గురి కుదిరాక అసలు పరీక్ష 40 గజాల దగ్గర. కొత్త కాగితం మీద ఒక తూటా కాల్చి, గుండ్లు బాగా చిక్కగా పడ్డ చోటు చుట్టూ పది అంగుళాల వృత్తం గీసి, లోపలి రంధ్రాలు లెక్కపెట్టు. వంద ఉంటే ఆ దూరం నీ తుపాకికి నప్పుతుందని వేటగాళ్ల లెక్క. అరవయ్యే వస్తే? ముప్పై ఐదుకి, ముప్పైకి జరుగు. వంద దాటే దూరమే నీ హద్దు. ఆ హద్దు పెంచుకోవాలంటే చోక్ అయినా మార్చాలి, తూటా అయినా మార్చాలి. ఎంత ఇరుకు చోక్ పెడితే అంత మంచిదనేది నిజం కాదు. మరీ బిగువైతే గుంపు చెదిరిపోవడమూ ఉంది. స్టీల్ గుండ్లు మాత్రం టర్కీ వేటకు వాడే ఇరుకు చోక్‌లో పెట్టకు, దానికి తగినదని చోక్ మీద రాసి ఉంటే తప్ప.

గుండ్ల నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నదవుతుంది. తూటాల్లో సీసం 5వ నంబరు గుండ్లు ఔన్సుకి సుమారు 170, 6వ నంబరువి 225 పడతాయి. ఈ మధ్య టంగ్‌స్టన్ గుండ్లు వచ్చాయి. సీసం కంటే చాలా బరువు కాబట్టి చిన్న 9వ నంబరు కూడా దూరంలో లోతుగా దిగుతుంది. ధర చూస్తే మాత్రం కడుపు మండుతుంది. నలభై గజాల లోపు వేటకు సీసం చాలు, అంత డబ్బు పోయకు.

దూరం పరీక్ష అయ్యాక చాలామంది సామాను సర్దేస్తారు. నువ్వు 15 గజాలకు కూడా ఒకటి కాల్చు. ఆ దూరంలో టర్కీ చోక్ గుంపు ఒక బత్తాయి అంత ఉంటుంది. నలభై గజాల దగ్గర నువ్వు నాలుగు అంగుళాలు అటూఇటూ అయినా తలకు గుండ్లు తగులుతాయి. పదిహేను గజాల దగ్గర అదే పొరపాటు చేస్తే కోడికి ఈక కూడా కదలదు. మంచిగా పిలిచిన పుంజు బాగా దగ్గరికే వస్తుంది, గుండె దడదడలాడుతుంది, తొందరపడతాం. ఆ బత్తాయంత రంధ్రం ఒకసారి కళ్లారా చూస్తే ఆ తొందర తగ్గుతుంది.

ఆఖరి రెండు మూడు తూటాలు బల్ల వదిలేసి నేలమీద కూర్చుని కాల్చు. నీ భుజాల కంటే వెడల్పాటి మొదలున్న చెట్టుకి వీపు ఆనించి, ఎడమ మోకాలు లేపి, దానిమీద తుపాకి పెట్టు. ఎడమ భుజం కోడి వచ్చే దిక్కుకి ఉండాలి, కుడిచేతి వాడికి ఎడమవైపు తిప్పడమే తేలిక. వేటరోజు చెట్టు దగ్గర కూర్చోగానే రేంజ్‌ఫైండర్‌తో నీ హద్దు ఎంతవరకో కొలిచి, అక్కడున్న పొదనో రాయినో గుర్తుపెట్టుకో. మెస్కీట్ చెట్ల మధ్య కంటి అంచనా బాగా మోసం చేస్తుంది.

పుంజు తోక విప్పి పురి విప్పిన నెమలిలా తిరుగుతున్నప్పుడు మెడ లోపలికి ముడుచుకుని ఉంటుంది. అప్పుడు కాల్చకు. కాల్‌తో (కోడి కూతను అనుకరించే పరికరంతో) ఒక్కసారి ‘క్లక్’ అనిపిస్తే మెడ చాచి చూస్తుంది. ఈకలు ఆగి ఎర్రటి మెడ మొదలయ్యే చోట చుక్క పెట్టి నొక్కు. దాని వెనక ఇంకో కోడి ఉందేమో, మనిషి ఉన్నాడేమో ముందే చూసుకో.

అన్నింటికంటే ముఖ్యం, శబ్దం వినబడ్డ వైపు ఎప్పుడూ కాల్చకు, ఆ శబ్దం వెంట పాక్కుంటూ వెళ్లకు. అది ఇంకో వేటగాడి కాల్ కావచ్చు. పుంజు తల మీద ఎరుపు, తెలుపు, నీలం ఉంటాయి కాబట్టి నీ ఒంటిమీద ఆ రంగులేవీ ఉండకూడదు, జేబురుమాలు కూడా. నడిచేటప్పుడు, కోడిని మోసుకొచ్చేటప్పుడు నారింజ రంగు కట్టుకో. కోడి పడగానే పరిగెత్తకు. సేఫ్టీ వేసి, గొట్టం దూరంగా పెట్టి నడువు.

కోడి తెస్తే కాళ్లు మీ అత్తకు ఇవ్వు, అవి కుక్కర్‌లో చాలాసేపు ఉడికితే గానీ మెత్తబడవు. రేంజ్‌లో కాల్చిన కాగితాల మీద దూరం, చోక్, తూటా పేరు రాసి ఫోటోలు వాట్సాప్‌లో పంపు. లైసెన్స్ చేతికొచ్చాక ఒక శనివారం ఖాళీ చేసుకుని రా, ఇక్కడి రేంజ్‌కి ఇద్దరం కలిసి వెళ్దాం.

మీ మామయ్య