ముందు లైటు సంగతి చూసుకో

పాపా,

తిరుపతి పక్కన ఏర్పేడు దగ్గరున్న సైన్స్ పరిశోధన సంస్థ ఐసర్‌లో ప్రాజెక్టు దొరికిందని, పని ఆప్టోజెనెటిక్స్ మీదేనని, అంటే లైటుకు స్పందించే ప్రొటీన్ జీన్‌ని కణంలో పెట్టి లైటుతో ఆ కణాన్ని ఆడించడమని, అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషం. కణాల్లో కరెంటు కొలిచే ఎలక్ట్రోడ్లతోనే తల నెరిసినవాణ్ణి కాబట్టి నాలుగు మాటలు రాస్తున్నా, విసుక్కోకుండా చదువు.

కొత్తగా చేరినవాళ్లంతా ప్రొటీన్ గురించే టెన్షన్ పడతారు. జీన్ కణంలోకి వెళ్లిందా, ప్రొటీన్ పొరలో కుదురుకుందా అని. అదీ చూడాల్సిందే. కానీ నేను చూసినంతలో పని ఎక్కువగా చెడేది లైటు దగ్గరే.

నీ చేతికి ముందుగా వచ్చేది ఛానెల్‌రొడాప్సిన్-2 అయివుంటుంది, కణం పొరలో లైటుకు తెరుచుకునే ఛానెల్, అంటే దారిలాంటి ప్రొటీన్. క్లామిడోమోనాస్ అనే ఏకకణ నాచుది. 2003లో దాని పనితీరు బయటపడింది, 2005కల్లా న్యూరాన్లలో (నాడీ కణాల్లో) పెట్టి చూపించారు. 470 నానోమీటర్ల దగ్గరి నీలి కాంతి పడితే లోపల కాంతిని పట్టుకునే రెటినాల్ అనే అణువు ఆకారం మారుతుంది, దారి తెరుచుకుని సోడియం లాంటి ధన అయాన్లు కణంలోకి వస్తాయి. అంతా మిల్లీసెకన్లలో.

అందుకే నీకిచ్చే ప్లాస్మిడ్‌లో (జీన్‌ని మోసే డీఎన్‌ఏ చుట్టలో) ట్యాగ్, అంటే ప్రొటీన్ ఏ కణంలో ఉందో వెలిగి చూపించే గుర్తు, ఏ రంగుదో ముందే అడుగు. పచ్చ ట్యాగ్ అయితే దాన్ని చూడ్డానికి వేసే నీలి కాంతే ఛానెల్‌ని కూడా తెరిచేస్తుంది. మంచి కణం కోసం నువ్వు వెతుకుతున్నంతసేపూ అది పనిచేస్తూనే ఉంటుంది. ఎంచెర్రీ లాంటి ఎర్ర ట్యాగ్ ఉన్నది దొరికితే అదే తీసుకో.

లైటు వేయగానే ఛానెల్ గుండా కణంలోకి పారే కరెంటు ఒక్కసారి పైకి లేచి, కాస్త తగ్గి, అక్కడ నిలబడుతుంది. తిరుమల కంపార్ట్‌మెంట్ గేటు తీసినప్పుడు ముందు తోసుకొచ్చే జనం, ఆ తర్వాత నెమ్మదిగా కదిలే వరస, అచ్చం అట్లాగే. కొన్ని సెకన్లు చీకట్లో ఉంచితే గానీ ఆ మొదటి ఊపు తిరిగి రాదు. పల్స్ వెంట పల్స్ ఇచ్చేసి కణం చచ్చిపోయిందని బెంగపెట్టుకోకు.

చీకటి గది అంటే నిజంగా చీకటే ఉండాలి. మన ఎండాకాలం వెలుతురు తలుపు సందులోంచి కూడా దూరుతుంది. తిరుపతి గాంధీ రోడ్డులో మందపాటి నల్లగుడ్డ కొనుక్కో. ఇంక్యుబేటర్ మీద మినుకుమనే నీలి చుక్కకు నల్ల టేపు వెయ్యి. ఎర్ర బల్బు ఉంటే భయంలేదని కూడా అనుకోకు. ఇదే రంగంలో వాడే మరో ప్రొటీన్, మొక్కల నుంచి వచ్చిన ఫైటోక్రోమ్-బి, వేరే ప్రొటీన్లను పొర దగ్గరికి లాక్కొస్తుంది; అది ఎర్ర కాంతికే (650 నానోమీటర్లు) వాటిని పట్టుకుంటుంది, దూరపు ఎరుపుకు (750) వదిలేస్తుంది. దాని పనికి మసక పచ్చ వెలుతురు వాడతారు.

లేజర్ డబ్బా మీది అంకెను నమ్మకు. పవర్ మీటరును నమూనా ఉండేచోటే పెట్టి చూడు, వెలుగు పడే వైశాల్యంతో భాగించు. లెన్సు మారిస్తే మళ్లీ కొలవాలి. చదరపు మిల్లీమీటరుకు ఒక మిల్లీవాట్ దగ్గర మొదలుపెట్టొచ్చు.

ఇంకొకటి, దీన్ని మాత్రం ఎవరు వద్దన్నా వదలకు. ఛానెల్ లేని కణానికి కూడా అంతే లైటు, అంతసేపు వెయ్యి. ఎలక్ట్రోడ్‌లోని వెండి తీగ మీద లైటు పడితే అదే ఓ చిన్న సిగ్నల్ పుట్టిస్తుంది. కణాలను పెంచే ద్రవంలోని (మీడియంలోని) రైబోఫ్లావిన్ అనే విటమిన్ నీలి కాంతికి హైడ్రోజన్ పెరాక్సైడ్ చేస్తుంది, కణాలు దానికీ స్పందిస్తాయి. వేడి సంగతి సరేసరి.

మొదటి రికార్డింగ్ రాగానే ట్రేస్ (కరెంటు గీత) ఫోటో వాట్సాప్‌లో పెట్టు. పక్కన ఛానెల్ లేని కణం ట్రేస్ కూడా పెడితేనే చూస్తా.

మామ