సెల్ సిగ్నల్ లేని కొండల్లో మేతకెళ్లిన ఆవు జాడ ఉపగ్రహంతో తెలుస్తుందా?

శ్రీకాకుళం జిల్లా మందస వైపు కొండల్లోకి తోలిన ఆవు సాయంత్రం మందతో పాటు దిగకపోతే ఆ ఇంట్లో ఎంత టెన్షనో నాకు తెలుసు. ఆవు మెడకు కట్టి జాడ తెలుసుకునే పట్టీ పనిచేస్తుందా అని మీరడిగారు. పనిచేస్తుంది. కాకపోతే జీపీఎస్ ఒక్కటే చాలదు, చాలామంది పొరబడేది ఇక్కడే. ఆవు ఎక్కడుందో జీపీఎస్ చెప్పేది పట్టీకే, మనకు కాదు. ఆ కబురు ఇంటికి చేరాలంటే సెల్ టవరో ఉపగ్రహమో కావాలి.

ఉపగ్రహ పట్టీ ఎక్కువసేపు నిద్రలోనే ఉంటుంది. కొన్ని గంటలకోసారి లేచి, ఆవు ఉన్న చోటు, బ్యాటరీ ఎంత మిగిలిందో చిన్న సందేశంగా పంపుతుంది. సుమారు 500–600 కిలోమీటర్ల ఎత్తున తిరిగే ఉపగ్రహం దాన్ని అందుకుంటుంది. ఎక్కువసేపు నిద్రలో ఉంటుంది కాబట్టే బ్యాటరీ నెలల తరబడి వస్తుంది. అందుకే ఆవు ఈ క్షణాన ఎక్కడుందో కాక, కొన్ని గంటల కిందట ఎక్కడుందో తెలుస్తుంది. వెతకడానికి అది చాలు. ఏ గెడ్డ (వాగు) దాటిందో తెలిస్తే కొండంతా తిరగక్కర్లేదు కదా! దట్టమైన చెట్ల కింద, ఇరుకు లోయలో ఉంటే మాత్రం ఒకటి రెండు సందేశాలు తప్పిపోవచ్చు.

వేటకెళ్లే పడవల కోసం ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లూ (పడవలో అమర్చే సందేశ పరికరాలు) ఉపగ్రహం మీదుగానే కబురు పంపుతాయి.

అనుమతి లేని విదేశీ శాటిలైట్ పరికరాలు మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోకండి, కేసుల్లో ఇరుక్కుంటారు. ఊరంతా కలిస్తే లోరా చూడండి. అది తక్కువ కరెంటుతో చిన్న సందేశాలను దూరం పంపే రేడియో పద్ధతి. అది వాడే 865 మెగాహెర్ట్జ్ బ్యాండుకు లైసెన్సు అక్కర్లేదు. నెట్ అందే ఎత్తైన చోట ఒక గేట్‌వే (పట్టీల సందేశాలు అందుకుని నెట్‌లోకి పంపే పెట్టె) పెడితే, అడ్డు లేనంత మేర కొన్ని కిలోమీటర్ల దాకా పట్టీలన్నీ అందుతాయి.