టెలిమెడిసిన్‌తో చెన్నైకి పేషెంట్లు పెరుగుతారా? అమ్మ మోకాళ్ల ఆపరేషన్‌లో నేను చూసింది

చెన్నై లాంటి పెద్ద నగరంలో టెలిమెడిసిన్‌ను, అంటే ఫోన్లో, వీడియోలో చూసే వైద్యాన్ని, ఎలా వాడితే బయటి ఊళ్ల నుంచి, దేశాల నుంచి వైద్యానికి వచ్చేవాళ్లు పెరుగుతారని అడిగారు. నేను ఆసుపత్రిలో పనిచేసేవాణ్ని కాదు. కావలి నుంచి అమ్మను వెంటబెట్టుకుని చెన్నై తిరిగినవాణ్ని. ఆ వైపు నుంచే చెబుతాను.

మా నెల్లూరు జిల్లాలో జబ్బు కాస్త పెద్దదైతే ఇప్పటికీ "మద్రాసు తీసుకుపోండి" అనే అంటారు. అమ్మకు రెండు మోకాళ్లూ అరిగిపోయాయి. మెట్లు దిగాలంటే గోడ పట్టుకుని వెనక్కి తిరిగి దిగేది. ఎక్స్‌రేలు తీయించి, ఫైలు పట్టుకుని పినాకిని రైలు ఎక్కాం. తీరా వెళ్తే డాక్టర్ గారు ఫిల్మ్ వెలుగుకు పెట్టి చూసి, "ఇవి పడుకోబెట్టి తీసినవమ్మా. నిలబెట్టి తీయాలి, కాలి మీద బరువు పడితేనే కీలు ఎంత అరిగిందో తెలుస్తుంది" అన్నారు. మళ్లీ తీయించాం. మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్షలో (HbA1c) 9.4 వచ్చింది. ఇంత షుగర్ మీద కోస్తే ఇన్‌ఫెక్షన్ భయం, తగ్గించుకుని రమ్మన్నారు.

ఆయన చెప్పినదాంట్లో తప్పు లేదు. కానీ ఆ రెండు మాటలూ మేం కావలిలో ఉండగానే ఎవరైనా చెప్పి ఉంటే 220 కిలోమీటర్లు పైగా ఆ కాళ్లతో ఆమెను తిప్పేవాణ్ని కాదు. లాడ్జిలో రెండు రాత్రులు ఆమెకు నిద్ర లేదు. తిరుగు రైల్లో "ఇంక నన్నెక్కడికీ తీసుకుపోవద్దు నాయనా" అంది.

రెండోసారి వేరే ఆసుపత్రి. ముందు వీడియోలో మాట్లాడారు. తెలుగు వచ్చిన అమ్మాయి లైన్లో ఉంది. అమ్మ "లేవబోతే పట్టేస్తుంది, రాత్రిళ్లు సలుపుతుంది" అంటుంటే ఆ తేడా డాక్టరుకు విడమరిచి చెప్పింది. ఏ పరీక్షలు చేయించాలో, ఎక్స్‌రే ఎలా తీయించాలో ముందే రాసి పంపారు. షుగర్ మందులు మార్చి, మూడు నెలలు ఫోన్లోనే కనిపెట్టుకుని ఉన్నారు. ఆ సగటు షుగర్ 7కి దిగాకే రమ్మన్నారు. ఖర్చు కూడా విడివిడిగా చెప్పారు. మోకాలి ఇంప్లాంట్ల (లోపల అమర్చే కృత్రిమ కీళ్ల) ధరలకు 2017లోనే కేంద్రం పరిమితి పెట్టింది కాబట్టి అక్కడ గందరగోళం తక్కువ. మా టెన్షనంతా గది అద్దె, ఫిజియోథెరపీ, తోడుండేవాళ్ల బస గురించే. అవి కూడా ముందే తెలిశాయి.

అందుకని ఆసుపత్రులు నడిపేవాళ్లకు నా మాట ఇది: టెలిమెడిసిన్‌ను పేషెంట్‌ను రప్పించే సాధనంగా కాకుండా అక్కర్లేని ప్రయాణాలు తగ్గించే సాధనంగా వాడండి. వృథాగా తిప్పని ఆసుపత్రినే మావాళ్లు నమ్ముతారు.

ఆపరేషన్ తర్వాతి సంగతి ఇంకా ముఖ్యం. కుట్లకు వేసిన పిన్నులు కావలిలోనే మాకు తెలిసిన సర్జన్ తీశారు, చెన్నై డాక్టరు ఫోన్లో ఆయనతో మాట్లాడాక. వారానికోసారి వీడియోలో ఫిజియోథెరపిస్టు చూసేవాడు. నేను ఫోన్ మంచం పక్క స్టూలు మీద పెట్టి, అమ్మ మడమ వెనక్కి జరుపుతుంటే మోకాలు ఎంత వంగుతోందో చూపించేవాణ్ని. ఒక సాయంత్రం పిక్క వాచి ఎర్రబడింది. వీడియోలో చూసిన డాక్టరు, "దీన్ని ఫోన్లో తేల్చకూడదు. రక్తం గడ్డకట్టిందేమో, ఈ రాత్రే నెల్లూరులో డాప్లర్ స్కాన్ చేయించండి" అన్నారు. గడ్డ లేదని తేలింది. కానీ తెర మీద ఏది తేల్చవచ్చో, ఏది తేల్చకూడదో తెలిసిన డాక్టరని ఆ రాత్రి నాకు గట్టిగా నమ్మకం కుదిరింది. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాలు కూడా ఆ నిర్ణయం డాక్టరుదే అంటాయి.

కాబట్టి కెమెరా ఒక్కటే చాలదు, మా చివర కూడా ఒక మనిషి ఉండాలి. 2000లో అపోలో వాళ్లు చిత్తూరు జిల్లా అరగొండలో పెట్టిన టెలిమెడిసిన్ కేంద్రంలోనూ, ఇప్పటి ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో ఆరోగ్య కేంద్రాల నుంచి చూపించుకునే పద్ధతిలోనూ పేషెంట్ దగ్గర వైద్య సిబ్బంది ఉండటమే అసలు బలం. మీరు కావలి, కందుకూరు, ఒంగోలు లాంటి చోట్ల ఒక క్లినిక్‌తోనో ల్యాబ్‌తోనో ఒప్పందం పెట్టుకోండి. గాయం ముట్టి చూసేవాళ్లు, స్కాన్ ఫైళ్లు ఫోన్లో ఫొటో తీసి కాకుండా అసలు రూపంలో పంపేవాళ్లు దొరుకుతారు.

విదేశీయుల గురించి ఒక్క జాగ్రత్త. ఆ 2020 మార్గదర్శకాలు మన దేశం బయట ఉన్నవాళ్లకు ఇచ్చే సలహాలకు వర్తించవు. ఢాకాలోనో మస్కట్‌లోనో ఉన్న పేషెంట్‌తో మాట్లాడే ముందు అక్కడి చట్టం ఏమంటుందో మీ లాయరుతో చూపించుకోండి. వాళ్ల దగ్గర కూడా ఒక స్థానిక డాక్టరు ఉంటే తిరిగి వెళ్లాక వాళ్లు ఒంటరి కారు.

అమ్మను చూసి కందుకూరులో ఉండే మా పిన్ని కూడా అదే ఆసుపత్రికి వీడియోలో చూపించుకుంది. ఆమెకు ఆపరేషన్ అక్కర్లేదని, బరువు తగ్గి తొడ కండరాల వ్యాయామాలు చేస్తే చాలని చెప్పారు. చెన్నై రానే వద్దన్నారు. ఆ మాట పిన్ని వీధంతా చెప్పింది. ఆ తర్వాత అదే వీధి నుంచి ఇద్దరు వెళ్లి అక్కడ మోకాళ్లు మార్పించుకున్నారు.