పాత స్పీకర్ల వెనక రెండు పిన్నుల సాకెట్: ప్లగ్ ఏది కొనాలి, ఎలా బిగించాలి?

మీ 1970ల నాటి స్పీకర్ల వెనక ఒక గుండ్రటి బెజ్జం, పక్కన సన్నటి చీలిక ఉన్నాయన్నారు. సాకెట్ పీకేసి కొత్త టెర్మినల్ పెట్టాలా అని అడిగారు. తొందరపడకండి. అది డిన్ (జర్మన్ ప్రమాణం) స్పీకర్ కనెక్టర్. గ్రండిగ్, ఫిలిప్స్, బ్యాంగ్ అండ్ ఓలుఫ్‌సెన్ లాంటి యూరప్ కంపెనీలు అప్పట్లో దీన్నే వాడేవి, కొత్త ప్లగ్గులు ఇప్పటికీ దొరుకుతాయి. ఒట్టి ‘డిన్ ప్లగ్’ అంటే ఐదు పిన్నుల ఆడియో ప్లగ్ ఇస్తారు. ‘టూ పిన్ డిన్ స్పీకర్ ప్లగ్’ అని అడగండి. సాకెట్‌లో మీకున్నట్టు బెజ్జాలుంటే మేల్, లోపల పిన్నులు కనిపిస్తే ఫీమేల్ తీసుకోవాలి.

గుండ్రటి పిన్ ప్లస్, చదునుగా ఉన్నది మైనస్.

చాలామంది పాడుచేసేది సోల్డరింగ్ దగ్గరే. పిన్నుల్ని పట్టి ఉంచేది ప్లాస్టిక్ ముక్క. ఐరన్ కాస్త ఎక్కువసేపు ఆనిస్తే అది మెత్తబడి పిన్ వాలిపోతుంది, ఇక సాకెట్‌లోకి దూరదు. అందుకే ఒక విడి సాకెట్ కూడా కొని, ప్లగ్‌ను దాన్లో గుచ్చి ఉంచి పని చేయండి: పిన్నులు కదలవు, వేడిని కొంత అదే లాగేసుకుంటుంది. వైరుకూ పిన్నుకూ ముందే విడివిడిగా సీసం పట్టించి, రెండు మూడు సెకన్లలో అతికేయాలి. ప్లగ్ తొడుగు ముందే వైరుకు ఎక్కించారా? అది మర్చిపోతే అంతా విప్పాల్సిందే. 0.75 చదరపు మి.మీ. వైరు చాలు, 2.5 అయితే తొడుగులోకే పట్టదు. స్క్రూ రకం ప్లగ్ తెచ్చుకుంటే మాత్రం వైరు కొనకు సీసం పెట్టొద్దు. స్క్రూ కింద సీసం మెల్లగా నలిగి, కొన్నాళ్లకు పట్టు వదులవుతుంది.

సాకెట్టే విరిగిపోతే కన్నం వ్యాసం, స్క్రూల మధ్య దూరం, లోపలి లోతు కొలిచాకే కొనండి. కొలత కుదరకపోతే పెట్టె కోయకుండా, 3 మి.మీ. యాక్రిలిక్ పలకకు బైండింగ్ పోస్టులు (వైరును మరతో బిగించే టెర్మినళ్లు) బిగించి పాత కన్నం మీద పెట్టండి. పోస్టుల మధ్య 19 మి.మీ. ఉంటే జంట బనానా ప్లగ్ (పోస్టుల్లో నేరుగా గుచ్చే స్పీకర్ ప్లగ్) కూడా పడుతుంది. పలక కింద ఫోమ్ టేపు తప్పనిసరి. లేకపోతే సీల్డ్ (గాలి చొరని) పెట్టెలో బేస్ తగ్గిపోతుంది, గాలి బుస్సుమంటుంది. లోపలి వైర్లకు గుచ్చే క్లిప్పులుంటే వాటి వెడల్పు 2.8, 4.8, 6.3 మి.మీ.లలో ఏదో కొలవండి. పెద్ద క్లిప్పును పటకారుతో నొక్కి సరిపెడితే ఊడొస్తుంది.

ఆంప్లిఫయర్‌కు తగిలించే ముందు స్పీకర్ వైర్ల మధ్య మల్టీమీటర్‌ను ఓమ్‌ల మీద పెట్టి చూడండి. 8 ఓమ్‌ల స్పీకరైతే 6 ఓమ్‌లు అటూఇటూ చూపాలి. సున్నా చూపితే ఎక్కడో వైరు పోగు షార్ట్ అవుతోంది. తర్వాత 1.5 వోల్టుల బ్యాటరీని, ప్లస్‌ను ప్లస్‌కు, ఒక్క క్షణం తాకించండి. ఊఫర్ (బేస్ పలికించే పెద్ద కోన్) ముందుకు కదలాలి. పాత జేబీఎల్ కంపెనీ డ్రైవర్లు (పెట్టెలోని స్పీకర్ యూనిట్లు) చాలావాటిలో వెనక్కి కదులుతుంది, అది లోపం కాదు. రెండు స్పీకర్లూ ఒకేవైపు కదిలాయా లేదా అన్నదే చూసుకోండి.