గాలం వేసే ముందు, అల్లుడికి

అల్లుడూ,

దసరా సెలవలకి కళింగపట్నం మొగ (ఏరు సముద్రంలో కలిసేచోటు) దగ్గర గాలం వేస్తానని రాశావు. వెయ్యి. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా మరపడవలకీ ఇంజను తెప్పలకీ సముద్రంలో వేట నిషేధం, ఆ 61 రోజులూ చూసుకుంటే చాలు. చెరువైతే మత్స్యకార సంఘాన్ని అడక్కుండా దారం విప్పకు. చేపపిల్లని కొని వదిలింది వాళ్ళు.

పండుగప్ప చేప చిన్నప్పుడు మగది, బాగా పెరిగాక ఆడదవుతుంది. ఏడెనిమిది కిలోలది తెచ్చావంటే లక్షల గుడ్లు మోసే తల్లిని కూరలో వేసినట్టే. మరీ పిల్లదీ వద్దు. రెండు మూడు కిలోలది ఒక్కటి ఉంచుకో, ఇంటిల్లిపాదికీ సరిపోతుంది.

వానల్లో చెరువు మీద ఎర్రటి పిల్లల గుంపు బుడబుడమంటూ కనిపిస్తే, కింద కొర్రమీను జంట కాపలా ఉందన్నమాట. దగ్గరికొచ్చిన దేన్నైనా కరుస్తాయి, ఎరగా వేసే రబ్బరు కప్పకి ఇట్టే పడతాయి. అది వేటేం కాదు. కాపలా పోయిందా, గుంపంతా మిగతా చేపల పాలు.

ఉంచుకోని చేపని వదలడమే అసలు పని. కొక్కెం ఎదురుముల్లుని (కొన దగ్గర వెనక్కి తిరిగుండే ముల్లు) ఇంటి దగ్గరే పట్టకారుతో నొక్కెయ్. చేతులు తడిపి పట్టుకో; పొడి చెయ్యి ఒంటి జిగురుని ఊడదీస్తుంది, ఆ చోట బూజు పడుతుంది. కొక్కెం మింగేస్తే లాగకు, నోటి దగ్గర దారం కత్తిరించు. తల ఏటికి ఎదురుగా పెట్టి, తోక తనే విదిలించేదాకా ఆగు.

తాబేలు తగిలితే, సముద్రానిదైనా చెరువుదైనా, దారం పట్టి ఎత్తకు, కొక్కెం లోపల చీరేస్తుంది. డిప్ప పట్టి ఎత్తు. కొక్కెం కనిపిస్తే తియ్యి, లేకపోతే దారం వీలైనంత పొట్టిగా కోసి వదులు. రంపం లాంటి ముక్కున్న చేప పడినా అంతే, ఫొటోకి కూడా ఒడ్డెక్కించకు. 1972 వన్యప్రాణి చట్టంలో ఇవి చాలావరకు మొదటి షెడ్యూలువి, అంటే గట్టి రక్షణ ఉన్న జాబితావి. వాటిని చంపితే మూడేళ్ళకి తగ్గని జైలు. "తెలీదండీ" అంటే వినరు. జనవరి నించి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లకి ఒడ్డెక్కుతాయి, రాత్రి ఇసక మీద టార్చి వెయ్యకు.

ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ని మాత్రం తిరిగి నీళ్ళలో వదలకు. దాని పెంపకమే మన దేశంలో నిషేధం, ఏది దొరికితే అది మింగుతుంది.

పట్టకారు జేబులో ఉండాలి, సంచి అడుగున కాదు.

మీ మావయ్య