క్యూఆర్ కోడ్‌ను ఎక్కడ ముద్రించాలి, ఎక్కడ మానుకోవాలి?

కరపత్రం మొదలు హోర్డింగు దాకా ప్రచార సామగ్రి అంతటిమీదా క్యూఆర్ కోడ్ వేయించడం అవసరమా అని మీరు అడిగారు. అవసరం లేదన్నదే నా సమాధానం. ప్రచార సామగ్రి తయారీలో కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను. ఈ అభిప్రాయానికి చాలావరకు నా పొరపాట్లే ఆధారం.

1994లో జపాన్‌లో డెన్సో వేవ్ సంస్థ ఈ కోడ్‌ను రూపొందించింది వాహనాల విడిభాగాలను గుర్తించడానికి. అక్కడ స్కాన్ చేయడం ఉద్యోగంలో భాగం. ప్రకటన చూసేవారికి అటువంటి బాధ్యత ఏదీ లేదు. కాబట్టి వారు ఆ సమయంలో కదలకుండా ఉన్నారా, ఫోన్ తీసే తీరిక ఉందా, తీసినందుకు వారికి దక్కేదేమిటి అన్నవి ముందుగా ఆలోచించాలి. మేము ఒకసారి రహదారి పక్కన హోర్డింగుపై కోడ్ వేయించాము. వాహనం నడిపేవారు దానిని స్కాన్ చేయలేరన్న సంగతి మాలో ఒక్కరికీ తట్టలేదు. నమోదైన కొద్దిపాటి స్కాన్లు కూడా, పరీక్షించి చూసిన మా వాళ్లవే. ఈమెయిల్‌లో కోడ్ పెట్టడమూ ఇటువంటిదే: ఫోన్‌లో చదువుతున్నవారు అదే ఫోన్‌తో దానిని ఎలా స్కాన్ చేస్తారు? అక్కడ మామూలు లింకు చాలు.

ఇందుకు భిన్నంగా, ఒక యంత్రానికే అంటించిన కోడ్ మాకు బాగా ఉపయోగపడింది. మొదట అది మా వెబ్‌సైటు తొలి పేజీకి తీసుకువెళ్లేది, ఎవరూ పట్టించుకోలేదు. సరిగ్గా ఆ నమూనాను శుభ్రపరిచే విధానం చూపే పేజీకి మార్చిన తరువాత, అమ్మకం జరిగి నెలలు గడిచినా స్కాన్లు వస్తూనే ఉన్నాయి. అవసరం పుట్టిన చోటే కోడ్ ఉండడం ఇందుకు కారణమని నా నమ్మకం.

2022లో అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ ప్రసారంలో, క్రిప్టోకరెన్సీ లావాదేవీల సంస్థ కాయిన్‌బేస్ ఇచ్చిన 60 సెకన్ల ప్రకటన మీరు ఉదాహరణగా చూపవచ్చు. తెరపై అటూ ఇటూ కదిలే కోడ్ తప్ప దాదాపు మరేమీ లేని ఆ ప్రకటనకు, సైటు కాసేపు స్తంభించేంత స్పందన వచ్చింది. అయితే ఆ ప్రేక్షకులు ఇంట్లో కూర్చుని ఉన్నారు, ఫోన్ అందుబాటులో ఉంది, పైగా అది కొత్త వింత. అదే వింత రెండోసారి పనిచేస్తుందని నేను అనుకోను.

ముద్రణ విషయానికి వస్తే, చదివే దూరంలో కనీసం పదో వంతు వెడల్పు ఉంచడం, చుట్టూ నాలుగు గడుల (కోడ్‌లోని చిన్న చదరాల) ఖాళీ వదలడం, కోడ్‌లో ఉంచే వెబ్ చిరునామాను వీలైనంత చిన్నదిగా చేయడం మంచిది. చిరునామా పొడవు పెరిగేకొద్దీ గడులు చిన్నవై కెమెరా తడబడుతుంది. డైనమిక్ కోడ్ (ముద్రించాక కూడా చేరే పేజీని మార్చగలిగేది) తీసుకుంటే, దారి మళ్లింపు మీ సొంత డొమైన్ ద్వారానే జరగాలని గట్టిగా చెబుతాను. మేము వాడిన సేవకు చందా గడువు ముగిసిన రోజున, అప్పటికే పంచిన కరపత్రాలన్నిటిపైనా కోడ్ ఒక్కసారిగా పనిచేయడం మానేసింది. అప్పటి నుంచి కోడ్ కింద చిరునామాను అక్షరాలలో కూడా ముద్రిస్తున్నాము.